వయసు మీరినవాళ్ల సెలవు: ‘లాస్ట్ ఆఫ్ ది సమ్మర్ వైన్’ ఎందుకు నిలిచింది?

1973 జనవరి 4న బీబీసీ తన ‘కామెడీ ప్లేహౌస్’ వరుసలో అరగంట నాటకం ఒకటి ప్రసారం చేసింది. ఉత్తర ఇంగ్లండ్‌లో, యార్క్‌షైర్ కొండల మధ్య ఉన్న ఒక చిన్న ఊళ్లో పనీపాటా లేని ముగ్గురు మగవాళ్లు పొద్దుపుచ్చడమే అందులో కథ. అదే ఏడాది నవంబరులో ఆ ముగ్గురి కథ ‘లాస్ట్ ఆఫ్ ది సమ్మర్ వైన్’ పేరుతో ధారావాహికగా మొదలైంది. 2010 ఆగస్టు 29న చివరి ఎపిసోడ్ వచ్చేనాటికి 31 సిరీస్‌లు, 295 ఎపిసోడ్లు పూర్తయ్యాయి. ఎడ్వర్డ్ హీత్ ప్రధానిగా ఉన్నప్పుడు మొదలైన కార్యక్రమం డేవిడ్ కామెరాన్ హయాంలో ముగిసింది. ఈలోగా మరో ఆరుగురు ప్రధానులు వచ్చి వెళ్లారు. బ్రిటన్‌లో ఇంకే సిట్‌కామ్‌నూ ఇన్నేళ్లపాటు తీయలేదు. ఆస్తి తగాదాలు లేవు, పగలు లేవు, వారం వారం ఉత్కంఠగా ఆపే మలుపులు లేవు. అయినా రెండు తరాల ప్రేక్షకులు దాన్ని చూస్తూ వచ్చారు, నిర్మాణం ఆగిపోయాక కూడా పునఃప్రసారాల్లో చూస్తూనే ఉన్నారు. ఇంత తక్కువ కథతో ఇంత ఎక్కువ కాలం నిలవడానికి కారణం ఏమిటి? ఈ ప్రశ్నకు ఇప్పటిదాకా వచ్చిన సమాధానాలను ఒక్కొక్కటిగా పరీక్షించి, వాటిలో నిలబడేదేదో తేల్చడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా ఒక తేడా గుర్తించాలి. హాస్య ధారావాహికలు రెండు రకాలుగా నిలుస్తాయి. కొన్ని తక్కువగా తీసి, ఎక్కువగా తలచుకునేవి. ‘ఫాల్టీ టవర్స్’ 1975లో ఆరు, 1979లో ఆరు, మొత్తం 12 ఎపిసోడ్లే. ‘యెస్ మినిస్టర్’, దాని కొనసాగింపు ‘యెస్ ప్రైమ్ మినిస్టర్’ కలిపినా 38 దాటవు. 2001లో ‘జీ మంత్రీజీ’గా హిందీలో మన టీవీకి వచ్చింది ఇదే. రెండో ప్రపంచ యుద్ధకాలపు ‘డాడ్స్ ఆర్మీ’ తొమ్మిదేళ్లలో 80 ఎపిసోడ్లతో ఆగింది. వీటి కీర్తి ఎక్కువగా పునఃప్రసారాల మీద నిలిచింది. అయిపోయిన పనిని జనం మళ్లీ మళ్లీ చూస్తారు, అందులో కొత్తగా చెడిపోయేదేమీ ఉండదు. ‘సమ్మర్ వైన్’ సంగతి వేరు. అది తీస్తూ తీస్తూ నిలిచింది. నటులు పోయారు, కొత్తవాళ్లు వచ్చారు, ప్రేక్షకుల అలవాట్లు మారాయి, టీవీ ఛానెళ్లు మూడు నుంచి వందలకు పెరిగాయి. ఈ మార్పులన్నిటి మధ్యా ప్రతిసారీ కొత్తగా రాసి, కొత్తగా తీసి, కొత్తగా మెప్పించాల్సి వచ్చింది. దీనికి మామూలుగా చెప్పే కారణాలు నాలుగు: అందమైన ప్రకృతి, పోయిన కాలం మీద బెంగ, కుటుంబమంతా కలిసి చూడదగ్గ అమాయక హాస్యం, ఆదివారం సాయంత్రపు అలవాటు. నాలుగింటిలోనూ కొంత నిజం ఉంది, ఏ ఒక్కటీ చాలదు. అసలు కారణం ఇంకా లోతులో ఉంది. ముసలితనాన్ని జబ్బుగానో బరువుగానో గాక సెలవుగా చూపిన ధారావాహిక ఇది. ఆ సెలవు ఎప్పుడో ఒకప్పుడు ముగుస్తుందన్న నిజాన్ని కూడా అది దాచలేదు. ఈ రెండూ కలిసి ఉండటమే దాని బలం.

ఈ ఆలోచన ఎక్కడ పుట్టిందో చూస్తే విషయం స్పష్టమవుతుంది. బీబీసీ హాస్య విభాగం పెద్ద డంకన్ వుడ్ ముగ్గురు ముసలివాళ్ల మీద సిట్‌కామ్ రాయమని రాయ్ క్లార్క్‌ను అడిగారు. క్లార్క్ రచనలోకి రాకముందు పోలీసుగా, బడిపంతులుగా, అమ్మకాలు చేసేవాడిగా పనిచేసిన మనిషి. మొదట ఆయనకు ఆ విషయం ఏమాత్రం రుచించలేదు, దాదాపు వద్దనేశారు. ముగ్గురినీ పెళ్లి, ఉద్యోగం, సంసారం అనే బంధాలేవీ లేనివాళ్లుగా పెడితే, వాళ్లు వయసులో పెద్దవాళ్లే అయినా నడతలో కుర్రవాళ్లు కావచ్చు కదా అన్న ఊహ వచ్చాక కలం కదిలింది. అక్కడి నుంచి 295 ఎపిసోడ్లూ ఆయన ఒక్కరే రాశారు. అమెరికన్ సిట్‌కామ్‌లకు రచయితల బృందం ఉంటుంది. ఇక్కడ 37 ఏళ్లపాటు ఒకే చెయ్యి, ఒకే గొంతు. 1930లో పుట్టిన క్లార్క్ మొదటి సిరీస్ నాటికి 43 ఏళ్లవాడు, చివరి ఎపిసోడ్ నాటికి 80 ఏళ్లవాడు. తనకన్నా పెద్దవాళ్ల గురించి ఊహించి రాయడం మొదలుపెట్టిన రచయిత, ఆ వయసులోకి తానే నడిచి వెళ్లి, దాన్ని దాటి కూడా రాశాడు. మొదటి ఏళ్లలో మాటల్లో ఉన్న పదును చివరి ఏళ్లలో మెత్తబడటానికి దీనికి సంబంధం లేదనుకోలేం.

మొదటి నాటకం తొలి దృశ్యమే ఈ లోకం తీరు చెబుతుంది. కాంపో ఇంట్లోంచి టీవీని కంపెనీవాళ్లు మోసుకుపోతుంటారు, వాయిదాలు కట్టలేదు కాబట్టి. ఇరుగుపొరుగు ఆడవాళ్లు అది రోజూ చూసే భాగోతమే అన్నట్టు చూస్తుంటారు. కాంపోకు ఉద్యోగం లేదు, ఎప్పుడూ ఉన్నట్టూ కనిపించదు. ప్యాంటుకు బెల్టు బదులు తాడు, కాళ్లకు రబ్బరు బూట్లు, నెత్తిన ఉన్ని టోపీ. అతని నేస్తం క్లెగ్ లినోలియం అమ్మి బతికిన మనిషి, ఉద్యోగం పోయింది, భార్య పోయింది. మూడోవాడు బ్లామైర్, సైన్యంలో పనిచేసి వచ్చిన దర్జా మనిషి, టోరీ పార్టీ అభిమాని. అతనికీ ఉద్యోగం లేదు. అంటే ఈ ముగ్గురూ కోరుకుని విశ్రాంతి తీసుకున్నవాళ్లు కారు, సమాజం ఇక అక్కర్లేదని పక్కన పెట్టినవాళ్లు. ఆ కాలాన్ని గుర్తుచేసుకోవాలి. తొలి సిరీస్ ముగిసిన కొద్దివారాలకే విద్యుత్తు పొదుపు కోసం బ్రిటన్ వారానికి మూడు పనిదినాలకు దిగింది. 1982 నాటికి నిరుద్యోగుల సంఖ్య 30 లక్షలు దాటింది. ఉత్తర ఇంగ్లండ్‌లో బట్టల మిల్లులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. యాభై దాటాక పని పోతే మళ్లీ దొరకదని లక్షల కుటుంబాలకు అనుభవంలోకి వచ్చిన రోజులవి. ఆ ప్రేక్షకుల ముందుకు పని పోయిన ముగ్గురు వచ్చి, దైన్యం లేకుండా, కొండ గట్టు మీద కూర్చుని దేవుడి గురించీ చావు గురించీ పొరుగింటి నోరా బాటీ ముడతలు పడ్డ మేజోళ్ల గురించీ ఒకే తీరున మాట్లాడారు. పని పోయిన మనిషికి మర్యాద పోనక్కర్లేదని చెప్పకుండానే చెప్పారు. ఈ మాట అవసరమైనవాళ్లు ఆనాడు చాలామంది ఉన్నారు.

ధారావాహిక నడిచే యంత్రాంగం చూడటానికి చాలా సాదా. కాంపో కోరికల మనిషి. ఆకలి, అల్లరి, నోరా మీద తీరని మోజు. క్లెగ్ ఆలోచనల మనిషి. దేనికీ పూనుకోడు, అన్నిటి మీదా ఒక మెల్లని వ్యాఖ్య చేస్తాడు. మూడోవాడు పథకాల మనిషి. ఊరికే ఉండలేడు, ఏదో ఒకటి కనిపెట్టి మిగతా ఇద్దరినీ అందులోకి దించుతాడు. పథకం ఫలితం ఎప్పుడూ ఒకటే. ఏ చక్రాల బండో, స్నానాల తొట్టో కాంపోతో సహా కొండ మీంచి దొర్లిపోతుంది. ఆ తర్వాత ఐవీ హోటల్లో టీ, ఐవీ చేతిలోని ట్రేతో రెండు తగిలింపులు. అయితే ఈ యంత్రంలో ఒక తెలివైన ఏర్పాటు ఉంది. మూడోవాడి కుర్చీ శాశ్వతం, అందులో కూర్చునే మనిషి మారవచ్చు. బ్లామైర్‌గా చేసిన మైకేల్ బేట్స్ మన ఝాన్సీలో పుట్టిన నటుడు. అనారోగ్యంతో ఆయన తప్పుకున్నాక బ్రయాన్ వైల్డ్ సైనిక ప్రగల్భాల ఫాగీగా వచ్చాడు. ఆ తర్వాత మైకేల్ ఆల్‌డ్రిజ్ మాజీ హెడ్‌మాస్టరు, కొత్త వస్తువులు కనిపెట్టే సీమోర్‌గా చేశాడు. ఫాగీ తిరిగొచ్చి మళ్లీ వెళ్లాక ఫ్రాంక్ థార్న్‌టన్ మాజీ పోలీసు ట్రూలీగా ఆ చోటు తీసుకున్నాడు. మన ‘అమృతం’లో అమృతరావు పాత్రను శివాజీ రాజా, నరేష్, హర్షవర్ధన్ ఒకరి తర్వాత ఒకరు వేశారు, పాత్ర ఒకటే, నటుడు మారాడు. క్లార్క్ పద్ధతి దానికి వేరు. ఆయన నటుడు మారిన ప్రతిసారీ కొత్త పాత్రనే సృష్టించాడు. దాంతో వెళ్లిపోయినవాడిని మరిచిపొమ్మని ప్రేక్షకుణ్ని అడగాల్సిన పని లేకపోయింది. స్నేహాల్లో మనుషులు తగ్గుతారు, కొత్తవాళ్లు కలుస్తారు. వయసు మీరినవాళ్ల జీవితంలో నిజంగా జరిగేదీ ఇదే. నిర్మాణపు ఇబ్బంది కథలోని సత్యంగా మారింది.

ఇక ప్రకృతి వాదానికి వద్దాం. వెస్ట్ యార్క్‌షైర్‌లో హడర్స్‌ఫీల్డ్‌కు దక్షిణాన, హోమ్ నది లోయలో ఉన్న హోమ్‌ఫర్త్ అనే ఊళ్లో బయటి దృశ్యాలు తీశారు. నల్లబడ్డ రాతి ఇళ్లు, ఏటవాలు సందులు, రాళ్లు పేర్చిన గట్లు, వాటికి పైన విశాలమైన పెనైన్ బీళ్లు. సందర్శకులు నేటికీ అక్కడికి వెళ్లి నోరా బాటీ మెట్ల దగ్గర ఫొటోలు దిగుతారు, సిడ్స్ కేఫ్‌లో టీ తాగుతారు. కాబట్టి ప్రకృతి ఆకర్షణ నిజమే. అయితే అందమైన కొండలు చూపిన కార్యక్రమాలు బ్రిటిష్ టీవీలో ఎన్నో వచ్చాయి, 37 ఏళ్లు నిలవలేదు. ఇక్కడ కొండలకు ఒక పని ఉంది. ఆనాటి సిట్‌కామ్‌లు చాలావరకు స్టూడియోలో, ఒక సోఫా చుట్టూ నడిచేవి. ఇందులో ముగ్గురు మనుషులు ఆకాశం కింద చిన్నగా కనిపిస్తూ నడుస్తారు. కెమెరా దూరంగా ఉంటుంది, మాట మాత్రం చెవి పక్కనే వినబడుతుంది. మనుషులు చిన్నగా కనిపించడం వల్ల వాళ్ల అల్లరి పిల్లల ఆటలా తోస్తుంది. వాళ్ల మాట దగ్గరగా వినబడటం వల్ల అది పెద్దల మాటేనని తెలుస్తుంది. ఈ రెండింటి కలయికే ఈ హాస్యానికి రూపం. దానికి రానీ హేజల్‌హర్స్ట్ కూర్చిన మెల్లని వాల్ట్జ్ బాణీ తోడైంది. నవ్వు రాబోతోందని దరువేసి చెప్పే సంగీతం కాదది, సాయంత్రం నడకకు సరిపడే సంగీతం. 1981లో వచ్చి, మధ్యలో కొద్దికాలం మినహా చివరిదాకా దర్శకత్వ, నిర్మాణ బాధ్యతలు చూసిన అలన్ బెల్ ఈ బయటి దృశ్యాల వాటాను ఇంకా పెంచాడు. యార్క్‌షైర్‌కు ప్రతీకలుగా నిలిచిన కాంపో పాత్రధారి బిల్ ఓవెన్, క్లెగ్ పాత్రధారి పీటర్ సాలిస్ ఇద్దరూ లండన్ ప్రాంతంవాళ్లు కావడం కూడా గమనించాలి. ప్రేక్షకుణ్ని పట్టుకున్నది ప్రాంతీయ అభిమానం ఒక్కటే కాదు.

పోయిన కాలం మీద బెంగ అన్న వాదం ఇంతకన్నా గట్టిది. దాన్ని కోపంగా చెప్పేవాళ్లూ ఉన్నారు. ఎన్నడూ లేని ఒక ప్రశాంత ఇంగ్లండ్‌ను ఈ ధారావాహిక అమ్ముకుందని వాళ్ల ఆరోపణ. ఇందులో కాదనలేని భాగం ఉంది. 1950, 60 దశకాల్లో పంజాబ్ నుంచి, పాకిస్తాన్ నుంచి వేలమంది వచ్చి హడర్స్‌ఫీల్డ్, డ్యూస్‌బరీ మిల్లుల్లో పనిచేశారు. ఆ లోయకు కూతవేటు దూరంలో వాళ్ల వీధులు, గుడులు, మసీదులు, దుకాణాలు ఉన్నాయి. క్లార్క్ ఊళ్లో వాళ్లు దాదాపు కనిపించరు. 2000 తర్వాత చైనా మూలాలున్న నటుడు బర్ట్ క్వోక్ ఎంట్‌విజిల్ పాత్రలో చేరడం తప్ప ఈ విషయంలో పెద్ద మార్పు లేదు. మిల్లుల మూత, 1984-85 గని కార్మికుల సమ్మె లాంటివి కూడా ఆ కొండల దాకా రాలేదు. తొలి సిరీస్‌లలో కాంపోకూ బ్లామైర్‌కూ జరిగే వర్గ రాజకీయాల వాదన తర్వాత మాయమైంది. ఇది లోపమే, దీన్ని లోపంగానే రాసుకోవాలి. కాని బెంగ ఒక్కటే ఆకర్షణ అయితే కథ గతంలో నడవాలి. ‘డాడ్స్ ఆర్మీ’ అలా 1940లలో నడిచింది. ‘సమ్మర్ వైన్’ ఎప్పుడూ వర్తమానంలోనే ఉంది. ఆ ముగ్గురి యవ్వనం చూపడానికి 1988లో ‘ఫస్ట్ ఆఫ్ ది సమ్మర్ వైన్’ అనే పూర్వకథను యుద్ధానికి ముందు రోజుల్లో పెట్టి తీశారు. క్లార్కే రాశాడు, సాలిస్ అందులో క్లెగ్ తండ్రిగా కనిపించాడు. బెంగే సరుకు అయితే అది ఇంకా బాగా నడవాలి. అది రెండు సిరీస్‌లతో ఆగిపోయింది. ప్రేక్షకులు కోరుకున్నది ఆ మనుషుల గతాన్ని కాదు, గతం అయిపోయాక కూడా మిగిలిన వాళ్ల ఉత్సాహాన్ని.

అమాయక హాస్యమన్న మూడో వాదాన్ని పరీక్షించడానికి 1983 క్రిస్మస్ రోజుల్లో వచ్చిన ‘గెటింగ్ సామ్ హోమ్’ అనే పూర్తి నిడివి చిత్రం చాలు. క్లార్క్ రాసిన నవలే దానికి ఆధారం. స్నేహితుడు సామ్ ఆసుపత్రిలో చావుకు దగ్గరగా ఉంటాడు. అతనికి భార్య ఉంది, భార్య కాని లిలీ కూడా ఉంది. లిలీతో ఒక్క రాత్రి గడపాలన్నది అతని చివరి కోరిక. మిత్రులు అతణ్ని దొంగతనంగా లిలీ ఇంటికి చేరుస్తారు. సామ్ అక్కడే కన్నుమూస్తాడు. ఇక శవాన్ని ఎవరికీ తెలియకుండా సొంతింటికి చేర్చి, భార్య ముందు అతని పరువు, ఆమె పరువు రెండూ నిలపాలి. శవాన్ని మోసుకుంటూ చీకటి సందుల్లో పడే పాట్లే సినిమా. వెనుక నుంచి స్టూడియో నవ్వులు వినిపించవు. నవ్వొస్తుంది, నవ్వుతూ ఉండగానే గొంతు పట్టుకుంటుంది. దీన్ని అమాయక హాస్యం అనలేం. కోరిక, వ్యభిచారం, చావు, పరువు అన్నీ ఇందులో ఉన్నాయి. ఉన్నది అమాయకత్వం కాదు, మర్యాద. మనిషి బలహీనతను బట్టబయలు చేసి అవమానించడం కాకుండా, దాని చుట్టూ మిత్రులు నిలబడటం. పిల్లలు బండి దొర్లడం చూసి నవ్వుతారు, తాతలు దొర్లినవాడు లేచి బట్టలు దులుపుకోవడం చూసి నవ్వుతారు. ఇంటిల్లిపాదీ కలిసి చూడగలిగింది ఇందుకే. విషయం తేలికైనదని మాత్రం కాదు.

చావును దాచలేదన్న మాటకు అసలు రుజువు 2000లో వచ్చింది. మొదటి నుంచీ కాంపోగా ఉన్న బిల్ ఓవెన్ 1999 జులైలో మరణించాడు. నిర్మాతల ముందు రెండు తేలిక దారులు ఉన్నాయి: కార్యక్రమాన్ని ఆపేయడం, లేదా కాంపో ఎక్కడికో వెళ్లిపోయాడని ఒక మాట చెప్పి ముందుకు సాగడం. క్లార్క్ రెండూ చేయలేదు. కాంపోను కూడా చంపాడు. ఒక ఎపిసోడ్‌లో కాదు, వరుసగా మూడు ఎపిసోడ్లలో మరణం, దుఃఖం, అంత్యక్రియలు నడిపించాడు. ఇన్నేళ్లూ చీపురుతో తరిమిన నోరాను రంగస్థల వేషంలో, కొత్త మేజోళ్లతో చూసిన ఆనందంలోనే కాంపో గుండె ఆగుతుంది. మిత్రులు ఆ మొహం మీది నవ్వు గురించి మాట్లాడుకుంటారు. తర్వాత వాళ్లకు ఇంకో సంగతి తెలుస్తుంది. కాంపో జీవితంలో వాళ్లెవరూ ఎరగని ఒక స్త్రీ స్నేహం ఉంది. రోజూ పక్కనే నడిచిన మనిషిలో కూడా మనకు తెలియని గది ఒకటి ఉంటుందని ఆ ఎపిసోడ్లు చెప్పాయి. క్లెగ్ ఎప్పటిలా వ్యాఖ్యానించలేక ఆగిపోయే క్షణాల్లో సాలిస్ నటన, అప్పటికి 26 ఏళ్లుగా తోటి నటుడిగా ఉన్నవాణ్ని పోగొట్టుకున్న మనిషి మౌనం. ఓవెన్‌ను హోమ్‌ఫర్త్ దగ్గరి అప్పర్‌థాంగ్ చర్చి ఆవరణలో ఖననం చేశారు. 2017లో సాలిస్ మరణించాక ఆయనను కూడా అక్కడే, ఓవెన్ పక్కనే ఉంచారు. సిట్‌కామ్ అనే ప్రక్రియ మామూలుగా కాలాన్ని ఆపి ఉంచుతుంది, పాత్రలు పెరగవు, పోవు. కాలాన్ని లోపలికి రానిచ్చి కూడా సిట్‌కామ్‌గా మిగలడం ‘సమ్మర్ వైన్’ సాధించిన అరుదైన పని.

దీని మీద వచ్చిన అభ్యంతరాల్లో అన్నిటికన్నా బరువైనది ఆడవాళ్ల చిత్రణ. నోరా చేతిలో చీపురు, ఐవీ చేతిలో ట్రే, మరో పాత్ర హోవర్డ్ కోసం కాచుకుని కూర్చునే అతని భార్య పెర్ల్. మగవాళ్లు ఆడుకునే పిల్లలైతే, ఆడవాళ్లు వాళ్లను అదిలించే కాపలాదార్లు. సమర్థించేవాళ్లు ఈడీ ఇంట్లో టీ కప్పులతో జరిగే ఆడవాళ్ల సభను చూపిస్తారు. 1986 నుంచి ఈడీగా థోరా హర్డ్ ఆ సభకు పెద్దగా ఉంది. ఆమె తడుముకుని చెప్పే ఒక్కో వాక్యం మగవాళ్ల మొత్తం తత్వాన్ని కూలగొట్టగలదు. ఆ సన్నివేశాలు నిజంగా గొప్పవి. నోరాగా చేసిన కాథీ స్టాఫ్ 1973లో ఇంకా 45 ఏళ్లదే. ఓవెన్ కన్నా 14 ఏళ్లు చిన్నది. లోపల దూది కుక్కిన దుస్తులతో ఆమె తెచ్చిన ఆ గాంభీర్యం నటనలో ఒక పాఠం. అయినా అభ్యంతరం తీరదు. ఆడవాళ్లకు నవ్వించే హక్కు దక్కింది, సెలవు మాత్రం దక్కలేదు. నోరా మెట్లు కడుగుతూనే ఉంది, ఐవీ హోటలు నడుపుతూనే ఉంది, పెర్ల్ వంట చేస్తూనే ఉంది. ముగ్గురు మగవాళ్ల స్వేచ్ఛ ఈ పని మీదే నిలబడింది. ధారావాహిక దీన్ని చూపింది గాని ప్రశ్నించలేదు. దాని ఆకర్షణను ఒప్పుకునేవారు ఈ హద్దును కూడా ఒప్పుకోవాలి. వృద్ధాప్యం సెలవు అన్న ఊహ సగం జనాభాకే వర్తించిందన్న సంగతి ఆ ఊహ తప్పని చెప్పదు. అది ఇంకా పూర్తి కాలేదని చెబుతుంది.

చివరి వాదం అలవాటు. ఎక్కువ ఏళ్లు ఆదివారం సాయంత్రం వచ్చింది కాబట్టి, భోజనం తర్వాత టీవీ ముందు కూర్చున్నవాళ్లు మీట మార్చక చూశారని, ఒకే సరుకును మళ్లీ మళ్లీ వడ్డించారని విమర్శకులు చాలాసార్లు రాశారు. 2003లో ‘రేడియో టైమ్స్’ పత్రిక తన పాఠకులను ఏ కార్యక్రమం ఆపేయాలని కోరుకుంటారని అడిగితే ఎక్కువ ఓట్లు దీనికే పడ్డాయి. ఇది దాచాల్సిన సంగతి కాదు. కాని అంతకు నాలుగేళ్ల ముందే, 1999లో, ప్రేక్షకుల ఓట్లతో ఇచ్చే నేషనల్ టెలివిజన్ అవార్డుల్లో అత్యంత జనాదరణ పొందిన హాస్య కార్యక్రమంగా గెలిచింది కూడా ఇదే. ఒకే దేశంలో కొందరు తీసేయమన్నారు, కొందరు పట్టం కట్టారు. అలవాటుగా చూసేదాన్ని జనం ఇంత గట్టిగా ప్రేమించరు, ఇంత గట్టిగా ద్వేషించరు. పునరావృతం గురించి కూడా ఒక మాట చెప్పాలి. హరికథకుడు పదోసారి అదే కథ చెబుతున్నప్పుడు శ్రోత వినేది కథను కాదు, ఈసారి ఎలా చెబుతాడన్నది. కాంపో మళ్లీ దొర్లుతాడని తొలి నిమిషంలోనే అందరికీ తెలుసు. ఆ తెలియడం వల్లే దొర్లే ముందు క్లెగ్ ఏమంటాడన్న దాని మీద మనసు నిలుస్తుంది. పునరావృతం ఇక్కడ మాటకు చోటిచ్చే ఏర్పాటు. అయితే మాట బలహీనపడిన రోజున ఆ ఏర్పాటు ఖాళీగా కనిపిస్తుంది, చివరి పదేళ్లలో చాలాసార్లు అలాగే కనిపించింది. పాత్రలు మరీ ఎక్కువయ్యాయి, ఒక్కొక్కరికి రెండు మూడు మాటలే దక్కాయి, తొలినాళ్ల ఆగి ఆగి నడిచే సంభాషణకు స్థలం మిగల్లేదు. ఈ క్షీణతను అభిమానులు కూడా కాదనలేరు. కాని పునఃప్రసారాల్లో జనం తిరిగి తిరిగి చూస్తున్న బిల్ ఓవెన్ కాలపు ఎపిసోడ్లను అది మార్చలేదు.

ముగింపు దశలో జరిగిన ఒక విషయం మొత్తం వాదాన్ని తేటగా చూపుతుంది. 295 ఎపిసోడ్లలోనూ కనిపించిన ఏకైక నటుడు పీటర్ సాలిస్. 1973లో ఆయనకు 52 ఏళ్లు, 2010లో 89. ఫ్రాంక్ థార్న్‌టన్‌ది కూడా అదే వయసు. ఆ వయసువాళ్లను కొండల మీద షూటింగ్‌కు తీసుకువెళ్లడానికి బీమా భారమైంది. దాంతో చివరి సిరీస్‌లలో క్లెగ్, ట్రూలీ ఇంటి లోపలి సన్నివేశాలకే పరిమితమయ్యారు. బయట నడిచే పని రస్ అబట్, బ్రయాన్ మర్ఫీ, బర్ట్ క్వోక్‌ల కొత్త ముగ్గురికి అప్పగించారు. అందరూ సమర్థులైన హాస్యనటులే. అయినా ధారావాహిక ప్రాణం తగ్గింది. కొండలు అలాగే ఉన్నాయి, బాణీ అదే ఉంది, రచయిత అతనే, ఆదివారం అదే, అమాయకత్వం అదే. మామూలుగా చెప్పే నాలుగు కారణాలూ చెక్కుచెదరకుండా ఉన్నా ఆకర్షణ తగ్గిందంటే, అసలు కారణం వేరే ఉన్నట్టే. క్లెగ్ గడప దాటి బయటికి వెళ్లలేకపోయిన రోజునే ఈ కథ నిజంగా ముగిసింది. ముసలివాడు బయట తిరగడమే ఈ ధారావాహిక ఇచ్చిన సంతోషం. అది పోయాక మిగిలింది ఆ సంతోషపు అలంకారం మాత్రమే.

వృద్ధాప్యాన్ని తెర మీద చూపడానికి సాధారణంగా రెండే దారులు వాడుకలో ఉన్నాయి: పిల్లలు వదిలేసిన దీనులుగా చూపడం, లేదా ఇంటికి తీర్పులు చెప్పే పెద్దలుగా చూపడం. రెండింటిలోనూ వయసు మీరిన మనిషి ఇంకొకరి కథలో ఒక భాగమే. తెలుగులో శ్రీరమణ కథ ఆధారంగా తనికెళ్ల భరణి 2012లో తీసిన ‘మిథునం’ మూడో దారి చూపింది. అందులో వృద్ధ దంపతులు తిండి కోసం, మాట కోసం, ఆట కోసం బతుకుతారు, చివరికి చావును కూడా ఆ ప్రేమతోనే ఎదుర్కొంటారు. దాన్ని ఇష్టపడ్డవారికి క్లార్క్ లోకం కొత్తది కాదు; అక్కడ పెరటి తోట, ఇక్కడ కొండ దారి. అందమైన లోయ, పాత బాణీ, ఆదివారం సాయంత్రం ఈ ధారావాహికకు తోడ్పడ్డాయి, నిలబెట్టింది మాత్రం అవి కావు. పని అయిపోయాక కూడా మనిషికి ఆట మిగిలి ఉంటుందని, చావు దగ్గరపడ్డా స్నేహం పనికొస్తుందని 37 ఏళ్లపాటు ఒకే రచయిత నమ్మి రాయడం దాన్ని నిలబెట్టింది. దాని లోపాలు నిజం, చివరి ఏళ్ల అలసట నిజం. అయినా తూకం వేస్తే మొగ్గు దాని వైపే. చూడదలచినవారు చివరి సిరీస్‌లతో మొదలుపెట్టకండి. 1970లలోని ఎపిసోడ్లు నాలుగైదు, ‘గెటింగ్ సామ్ హోమ్’, కాంపో అంత్యక్రియల మూడు ఎపిసోడ్లు, ఈ వరుసలో చూడండి.